అడవిని తూచు చేయి

మంత్రి ఆజ్ఞ యిచ్చును, అధికారి సంతకము చేయును. వారి చేతికి కాగితము అందించినవాడు మాత్రము లోకమునకు కనబడడు. అటవీ ఆర్థిక విషయములను పరిశీలించు ప్రభుత్వ కార్యాలయములోని చిన్న విశ్లేషకుడు అట్టివాడు. గనికొరకో, ఆనకట్టకొరకో, రహదారికొరకో అటవీభూమిని కోరు దస్త్రము అతని బల్లమీదికి వచ్చును. లాభమెంత, నష్టమెంత అని లెక్కకట్టి నోటు వ్రాయుట అతని పని. సంతకము పై అధికారిది. అయితే బాధ్యతయు పూర్తిగా పై అధికారిదేనా? ఒకరి క్రింద పనిచేయు ప్రతివానికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు ప్రశ్న యిది.

అడవికి వెల కట్టుటయే తప్పని కొందరందురు. అది పూర్ణసత్యము కాదు. అటవీ సంరక్షణ చట్టము 1980లో వచ్చినను, అడవి ఇచ్చు నీటికిని, గాలికిని, నేల కాపుదలకును చాలకాలము దేశమంతట ఒక వెల యనునది లేకుండెను. లెక్కకు రానిది సున్నగా ఎంచబడెను. గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2002లో, అటవీభూమిని ఇతర ప్రయోజనములకు వాడుకొనువారు హెక్టారుకు 5.80 లక్షలు మొదలు 9.20 లక్షల రూపాయల వరకు ‘నికర వర్తమాన విలువ’ చెల్లింపవలెనని ఆదేశించెను. కంచన్ చోప్రా అధ్యక్షతన నిపుణుల సంఘము పరిశీలించిన పిమ్మట, 2008లో అవి 4.38 లక్షలు మొదలు 10.43 లక్షల వరకు నిర్ణయింపబడినవి. 2022లో మరల పెంచబడినవి. ఇంతమట్టుకు లెక్క అడవికి కొంత కావలి ఆయెననుట న్యాయము.

అయితే ఆ లెక్కలో కంటికి ఆనని యొక అంకె కలదు. రాబోవు రూపాయిని నేటి రూపాయిగా మార్చుటకు వాడు డిస్కౌంటు రేటే అది. నేడు నాటిన టేకు ఫలితమునకు వచ్చుటకు 50, 60 సంవత్సరములు పట్టును. 60 సంవత్సరముల తరువాత లభించు లక్ష రూపాయల మేలు, నూటికి 4 చొప్పున లెక్కించినయెడల నేడు సుమారు 9,500 రూపాయలు. నూటికి 10 చొప్పున లెక్కించినయెడల సుమారు 330 రూపాయలు మాత్రమే. చెట్టు మారలేదు, నీరు మారలేదు, రేటొక్కటే మారినది. పుట్టబోవు బిడ్డల మేలు కేవలము దూరముగా నున్నందున దానిని తగ్గించి యెంచుట నీతికి నిలువదని కేంబ్రిడ్జి పండితుడు ఫ్రాంక్ రామ్సే 1928లోనే వాదించెను. రాబోవు తరములవారు మనకంటె సంపన్నులగుదురు గనుక కొంత తగ్గించుట తగునని చెప్పువారును కలరు. ఈ వాదము ఇంకను తెగలేదు. తెగని వాదమును తెగినట్లు చూపి ఒక్క అంకెను మాత్రమే పైకి పంపుట సత్యమగునా?

మరియొక సంగతి నియమగిరి తెలుపుచున్నది. ఒడిశాలోని ఆ కొండమీద బాక్సైటు గనికొరకు సుమారు 660 హెక్టార్ల అటవీభూమి కోరబడెను. 2008 నాటి గరిష్ఠపు రేటుతో గుణించినను దాని విలువ 69 కోట్ల రూపాయలు మించదు. కాని అచ్చటి డోంగ్రియా కోందులకు ఆ కొండ వారి నియమరాజు నివాసము. ఏ పట్టికలోను దానికి గడి లేదు. 2013లో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను గ్రామసభల యెదుట ఉంచుమనగా, 12 గ్రామసభలును గని వద్దనినవి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అనుమతి నిరాకరించెను. ఆ కొండల ప్రాంతపు నీరు వంశధారలో కలిసి శ్రీకాకుళము జిల్లా పొలములను తడుపును. ఆ రైతు ఆ 12 సభలలో ఎక్కడను కూర్చుండలేదు. అతని మాట వినబడవలెనన్నచో నోటులోనే వినబడవలెను.

ఇట్లుండగా అడవిని ప్రేమించు విశ్లేషకుడు తనకు నచ్చిన రేటును ఎన్నుకొని త్రాసును అడవివైపు వంచవచ్చునా? కూడదు. ఆ రహదారికొరకు ఎదురుచూచు గర్భిణీ స్త్రీయు, ఆ కాలువ నీటికొరకు ఆకాశము చూచు రైతును బీదలే. మంచి ఉద్దేశముతో వంచిన త్రాసైనను దొంగత్రాసే. తీర్పు చెప్పు అధికారము అతనికి ఇయ్యబడలేదు. చూచినదంతయు చూపు పని మాత్రము అతనికి ఇయ్యబడినది. ఆ పనిలో అతని బదులు మరొకడు లేడు. ఏలయనగా పై అధికారికి చేరునది చివరి అంకె. దాని వెనుక ఏ యేయి అంకెలు విడువబడెనో ఎరిగినవాడు ఆ చిన్న ఉద్యోగి యొక్కడే.

కాబట్టి అతని మనస్సాక్షి నోటులోని మూడు పంక్తులలో పరీక్షింపబడును. రెండు రేట్లతోను లెక్క చూపెనా? ఏది ఊహయో, ఏది కొలతయో విడదీసి చెప్పెనా? వెల కట్టరాని దానియెదుట గడిని ఖాళీగా విడువక, ‘దీనికి వెల కట్టబడలేదు’ అని వ్రాసెనా? ఖాళీ గడిని చదువువాడు సున్న అనుకొనును. ఆ మూడు మాటలు చదివినవాడు కొంతసేపైనను ఆగును.

పై అధికారి ఆ పంక్తులను కొట్టివేయవచ్చును, ప్రభుత్వము గనికే అనుమతి యియ్యవచ్చును. అప్పుడు ఆ తీర్పు తీర్చినవారిదగును. ఎరిగి తీర్చితిమా, ఎరుగక తీర్చితిమా అనుటకు వారికి మరుగు ఉండదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము వచ్చిన తరువాత దస్త్రములోని నోట్లను సాధారణముగా పౌరులు సహితము అడిగి చదువగలరు. పేరు తెలియని యొక ఉద్యోగి వ్రాసిన ఆ పంక్తులు, అతడు పదవి విరమించిన పిమ్మటను, ఆనాడు తెలిసియున్నది ఏమో చెప్పుచునే యుండును.