ముసలి కీళ్ళు, మన బాధ్యత



హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలో అల్లాహ్‌ను వేడుకుంటూ, తన ఎముకలు బలహీనపడ్డాయని ముందుగా విన్నవించుకున్నారని దివ్య ఖుర్ఆన్‌లోని మర్యమ్ సూరా తెలుపుతోంది. ఒక ప్రవక్తే తన బలహీనతను దాచుకోలేదు. కాని మన ఇళ్ళలో తల్లులు దాచుకుంటున్నారు. కొడుకు కువైట్‌లో చెమటోడ్చి పంపిన డబ్బు తన మోకాళ్ళకు ఖర్చు చేయడమెందుకని మౌనంగా బాధ భరిస్తున్నారు. “వయసైంది, ఇంతేలే” అని మనమూ ఊరుకుంటున్నాం.

ముసలితనానికి తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందు పంపాడనీ, వైద్యం చేయించుకోవాలనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మోకాలి అరుగుదల పూర్తిగా పోకపోయినా బరువు తగ్గించి, తొడ కండరాలను బలపరిస్తే నొప్పి తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి 5 సెకన్లు నిలపాలి. ఇలా ఒక్కో కాలితో 10 సార్లు చేయాలి. ఉదయం లేవగానే అరగంటకు మించి కీళ్ళు బిగుసుకుని, వాపు కూడా ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. ఆలస్యం చేయక డాక్టరుకు చూపాలి. ముట్లుడిగిన స్త్రీల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మన రాగి సంగటి, పాలు, కాస్త ఎండ, రోజూ నడక వారికి అవసరం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారు ఈ విషయాలు గమనించాలి. మన ఇళ్ళలో పరిచే నాపరాళ్ళపై వుజూ నీళ్ళు పడితే కాలు జారుతుంది. ముసలివారికి తుంటి ఎముక విరిగితే మంచాన పడినట్లే. అక్కడ పట్టుకునేందుకు కమ్మీ, రాత్రివేళ దీపం ఏర్పాటు చేయండి. పులివెందుల వైపు కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది ఏళ్ళ తరబడి ఎముకల్లో చేరి కీళ్ళను బిగిస్తుంది. కాచినా పోదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటిందేమో నీటిని పరీక్ష చేయించండి. డాక్టరును అడగకుండా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నిలబడలేనివారు కూర్చుని, అదీ చేతకాకపోతే పడుకుని నమాజు చేయవచ్చని ప్రవక్త (స) అనుమతించారు. నేలకు వంగలేనివారు సైగతో చేయాలి. రుకూకన్నా సజ్దాకు తల మరికొంత వంచాలి. ఇది అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం, ఇందులో సిగ్గుపడనవసరం లేదు.

వృద్ధులైన తల్లిదండ్రులను “ఉఫ్” అని కూడా అనరాదన్నది అల్లాహ్ ఆజ్ఞ. విసుక్కోకుంటే సరిపోదు. ఈ రోజే అమ్మ దగ్గర కూర్చుని, మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడగండి. దూరాన ఉంటే ఫోనులోనైనా అడగండి. అల్లాహ్ మనందరికీ తల్లిదండ్రుల సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.