మన పిల్లల మనసుకు జబ్బు చేస్తే

దసరా నవరాత్రులకు గుడిలో కలుసుకున్నప్పుడు మనం ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న, "పిల్లలు ఎలా ఉన్నారండీ?" అని. పిల్లవాడికి చెయ్యి విరిగితే ఆ సంగతి వివరంగా చెబుతాం. అపెండిసైటిస్ ఆపరేషన్ అయిందంటే సాయంత్రానికల్లా నాలుగిళ్ళ నుంచి చారూ, పెరుగన్నమూ వస్తాయి. అదే పిల్లవాడు రెండు నెలలుగా గది తలుపు వేసుకుని, అన్నం సరిగా తినకుండా, స్కూలు ఎగ్గొడుతుంటే మాత్రం "బాగున్నాడండీ" అనేసి ప్రసాదం వరుసలో నిలబడతాం.

ఇది అబద్ధమాడాలని చేసే పని కాదు. బిడ్డను కాపాడుకుంటున్నామనే అనుకుంటాం. రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డం వస్తుందేమో, నలుగురూ ఏమనుకుంటారో అని భయం. ఆ భయం ఉత్తది కాదు. మేమూ ఈ సమాజంలోనే ఉంటున్నాం కనుక తెలుసు. కానీ దాచటం అనేది ఇంట్లో ఏ రూపంలో కనబడుతుందో గమనించండి. అమ్మమ్మతో ఫోన్లో ఏం మాట్లాడకూడదో పిల్లకు ముందే చెబుతాం. చుట్టాలు వస్తున్నారంటే మందుల సీసా బీరువాలో అడుగున పెడతాం. పదహారేళ్ళ పిల్ల దీన్నుంచి నేర్చుకునేది ఒక్కటే, ఈ ఇంటికి తానొక మచ్చ అని. డిప్రెషన్ అనే జబ్బు లోపలి నుంచి ఎలాగూ ఆ మాటే చెబుతూ ఉంటుంది. మనం బయటి నుంచి దానికి సాక్ష్యం చెప్పినట్టవుతుంది. పోనీ, మనం భయపడే ఆ నలుగురెవరు? పక్కింటి పిల్ల సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడే మనమే కదా!

షుగరు, బీపీ, గుండెజబ్బు ఎక్కువగా మన వయసు వాళ్ళకు వచ్చేవి. మనసు జబ్బుల లెక్క తిరగబడి ఉంటుంది. అమెరికాలో జరిపిన ఒక పెద్ద జాతీయ సర్వే ఫలితాలు 2005లో వచ్చాయి. జీవితంలో ఎప్పుడైనా మానసిక వ్యాధి వచ్చినవారిలో సగం మందికి అది 14 ఏళ్ళలోపే, నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్ళలోపే మొదలైందని అందులో తేలింది. అంటే మన పిల్లలు ఎస్.ఎ.టి. రాసే వయసు, ఇల్లు వదిలి డార్మిటరీకి వెళ్ళే వయసు. చదువు తప్ప మరేదీ అడగటం మనకు అలవాటు లేని వయసు కూడా అదే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్ది రోజుల్లో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మనం ఆ చదువుల వాతావరణం నుంచే వచ్చాం. సముద్రం దాటినా ఆ అలవాట్లను వెంట తెచ్చుకున్నాం.

"రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగాం, మేం పడని కష్టాలా? వీళ్ళకేం తక్కువైంది?" అనే మాట క్లినిక్‌లో తరచూ వింటుంటాం. తక్కువైనందువల్ల వచ్చే జబ్బయితే ఉన్నవాళ్ళకు రాకూడదు. టైఫాయిడ్ వచ్చినవాణ్ణి నీకేం తక్కువైందని అడగం గదా. అలాగని ప్రతి దిగులూ జబ్బేనని మేం అనటం లేదు. మార్కులు తగ్గితే ఏడుపొస్తుంది, స్నేహితుడు దూరమైతే బాధేస్తుంది, నాలుగు రోజుల్లో తేరుకుంటారు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, స్నేహితులు, చదువు అన్నీ కలిసి మారిపోతే అది వేరు. ఇక, లేని మాటలు వినిపిస్తున్నాయనో, ఎవరో తనను వెంటాడుతున్నారనో పిల్లవాడంటే రెండు వారాలు కూడా ఆగకూడదు.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. ఒళ్ళు వణకటం, నోరెండిపోవటం, గాండీవం జారిపోవటం, నిలబడలేకపోవటం అన్నీ అర్జునుడే చెప్పుకుంటాడు. గీత వైద్యగ్రంథం కాదు, అర్జునుడికి జబ్బు చేసిందనీ మేం అనటం లేదు. కానీ తరువాత జరిగింది చూడండి. శ్రీకృష్ణుడు మొదట మందలిస్తాడు, ఈ పిరికితనం నీకు తగదంటాడు. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. యుద్ధం చేయనని చెప్పి మౌనంగా ఉండిపోయాడు. అప్పుడు మొదలైంది అసలు సంభాషణ, పద్ధెనిమిదో అధ్యాయం దాకా. చివరికి కూడా బాగా ఆలోచించి నీకు తోచినట్టు చేయమంటాడు. మనం మాత్రం రెండో అధ్యాయం మొదట్లోని ఆ మందలింపు దగ్గరే ఆగిపోతున్నాం.

శాంతులూ, జపాలూ చేయిస్తున్నామండీ అనేవారికి చరకసంహిత మాట చెబుతాం. అందులో చికిత్సను మూడు విధాలుగా విభజించారు. జపం, హోమం వంటివి దైవవ్యపాశ్రయం. ఔషధం, ఆహారం యుక్తివ్యపాశ్రయం. మనసును హానికరమైన విషయాల నుంచి మళ్ళించటం సత్త్వావజయం. ఒకటి చేస్తే మిగతా రెండూ అక్కర్లేదని మన పూర్వులు అనలేదు. కాబట్టి పూజ చేయించండి, డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తీసుకోండి.

12 నుంచి 18 ఏళ్ళ పిల్లలందరికీ డిప్రెషన్ పరీక్ష చేయాలని ఇక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ సిఫార్సు. పరీక్షంటే కొన్ని ప్రశ్నల కాగితమే. పిల్లల డాక్టరు దగ్గర ఏటా జరిగే చెకప్‌లో అడగవచ్చు. ఆ కాసేపు మనం బయటకు వచ్చి కూర్చుంటే పిల్లలు నిజం చెబుతారు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, అడిగినందుకు పిల్లలకు బరువు దిగినట్టుంటుంది. అవునంటే కోప్పడకండి, ఏడవకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లోని మందులన్నీ తాళం వేసి, 988కి ఫోన్ చేయండి. 2022 జులై నుంచి ఈ నంబరు దేశమంతటా రాత్రింబవళ్ళు పనిచేస్తోంది. ప్రాణం మీదికొచ్చినట్టుంటే మాత్రం 911.

ఇంకొక్క మాట, ఈ పండగలకు మన గుడికి వచ్చే ఎం.ఎస్. విద్యార్థుల గురించి. వీళ్ళకు ఇక్కడ అమ్మానాన్నలు లేరు. ఊళ్ళో అప్పు చేసి వచ్చినవాళ్ళున్నారు. వైద్యం చేయించుకుంటే వీసా పోతుందని, కోర్సు తగ్గించుకుంటే వెనక్కి పంపేస్తారని అనుకుంటారు. వైద్యం చేయించుకున్నంత మాత్రాన ఎఫ్-1 హోదా పోదు. అనారోగ్యం వల్ల కోర్సులు తగ్గించుకోవటానికి, అవసరమైతే ఆ టర్ము పూర్తిగా ఆపుకోవటానికి నిబంధనల్లోనే వీలుంది. ఒక్కో డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకు. డాక్టరు లేఖ ఉండాలి, తరగతులు మానేయకముందే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి తీసుకోవాలి. భోజనాల దగ్గర ఒంటరిగా కూర్చున్న కుర్రాడు కనబడితే ఏ యూనివర్సిటీ, ఏ కంపెనీ అని మొదలుపెట్టకుండా, నిద్ర పడుతోందా బాబూ, వంట ఎవరు చేస్తున్నారు అని అడగండి. జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.