మెలట్టూరు నరసింహుడు: వేషమా, విగ్రహమా?

తమిళనాడులోని తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నరసింహ జయంతికి వరదరాజస్వామి కోవెల ముందు భాగవత మేళం తెలుగు నాటకాలు ఆడుతుంది. 16వ శతాబ్దంలో తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ పొలాలూ ఇచ్చి ఈ ఊరిని నిలబెట్టాడని సంప్రదాయం చెబుతుంది. 'ప్రహ్లాద చరిత్రం', 'ఉషా పరిణయం', 'మార్కండేయ చరిత్రం' మొదలైన ఇక్కడి నాటకాలను మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించాడు. స్త్రీ పాత్రలు కూడా మగవాళ్లే వేస్తారు. మేళం వారికి జీవనోపాధి కాదు, స్వామికి చేసే కైంకర్యం. నాటకం విదూషకుడైన కోణంగి రాకతో మొదలవుతుంది. ప్రార్థనా గీతమైన తోడయ మంగళం పాడాక ఒక బాలుడు వినాయకుడి వేషంలో వస్తాడు. ఆ తర్వాత పాత్రలు ఒక్కొక్కటే తమ రాకను తెలిపే పాటలతో, అంటే ప్రవేశ దరువులతో, రంగం మీదికి వస్తాయి.

'ప్రహ్లాద చరిత్రం' చివరి ఘట్టం మాత్రం వేరు. నరసింహుడి ముఖపు తొడుగు పూజలందుకుంటుంది. దాన్ని ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. ధరించగానే అతనికి ఆవేశం వస్తుంది, పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపవలసి వస్తుంది. ఇది నటనేనా?

రసాస్వాదన సహృదయుడైన ప్రేక్షకుడిదే తప్ప నటుడిది కాదని, నటుడు అందుకు సాధనం మాత్రమేనని ఆలంకారికుడు అభినవగుప్తుడి మతం. హిరణ్యకశిపుడి విషయంలో ఇది చక్కగా సరిపోతుంది. ఆ వేషధారి ఎంత గర్జించినా అతణ్ని ఎవరూ అసురుడిగా చూడరు. నరసింహుడి దగ్గరే ఆ సిద్ధాంతం చాలదు. కారణం కథలోనే ఉంది. హరి అంతటా ఉన్నాడని, ఈ స్తంభంలోనూ ఉన్నాడని ప్రహ్లాదుడి మాట. స్తంభంలో ఉన్నవాడు ఈ తొడుగులో ఉండడనేవారు ఆ మాటను సగమే నమ్మినట్టు.

అంతటా ఉన్నవాడికి ఈ రాత్రి, ఈ తొడుగు, ఈ ఉపవాసం ఎందుకన్న ఆక్షేపణ బలమైనదే. దీనికి వైష్ణవుల అర్చావతార భావన సమాధానమిస్తుంది: సర్వవ్యాపి అయిన భగవంతుడు భక్తుడి కోసం ఒక రూపానికి ఒదిగి, అందుబాటులోకి వస్తాడు. సభలోని స్తంభంలో హరి ముందూ ఉన్నాడు, బయటికి వచ్చింది మాత్రం ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికే. మెలట్టూరు నటుడి నియమం కూడా అలాంటి పిలుపే. కాబట్టి ఆ ఘట్టంలో నాటకం ఆగిపోయి పూజ మొదలవుతుందనడం సరికాదు. ఆ రెంటినీ విడదీస్తే 'ప్రహ్లాద చరిత్రం' అర్థమే చెడుతుంది.