తప్పు చేయనివాడికి తలుపెందుకు?

ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్న వేళ, పటాన్‌చెరులోని ఒక మస్జిదు మెట్ల దగ్గర ఇద్దరు సోదరులు వాదించుకుంటూ మా వద్దకు వచ్చారు. ఒకరు పాశమైలారం పారిశ్రామికవాడలోని ఓ కర్మాగారంలో కంప్యూటర్ల పని చూసే యువకుడు. రెండవవారు ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పెద్దాయన ఫోనులో అక్కరలేని యాప్‌లు తీసేస్తానని, ఇంట్లోని కంప్యూటరులో ఉన్న విండోస్ దొంగ కాపీ తీసేసి లినక్సు వేస్తానని యువకుడు అంటున్నాడు. పెద్దాయన నవ్వి, “బేటా! మనమేం తప్పు చేశామని దాచుకోవాలి? పైన అల్లాహ్ అంతా చూస్తూనే ఉన్నాడు. కింద ఇంకెవడు చూస్తే నాకేం?” అన్నారు. “చాచా మాటకు మీరే జవాబు చెప్పండి” అని యువకుడు మా వైపు తిరిగాడు.

అప్పటికి రెండు మాటలు చెప్పి పంపించాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే అది అమాయకమైన ప్రశ్న కాదు. అందులో సగం విశ్వాసం ఉంది, సగం నిర్లక్ష్యం ఉంది. ఆ రెండింటినీ వేరుచేసి చూడవలసిన అవసరం ఈనాడు ప్రతి ముస్లిం కుటుంబానికీ ఉంది.

తలుపు తప్పు చేసేవాడి కోసం కాదు

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకోకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని దివ్యఖుర్ఆన్ సూరా నూర్‌లో ఆదేశించింది. అదే సూరాలో ఇంకో అడుగు ముందుకు వేసి, ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం విశ్రమించే వేళ, ఇషా నమాజు తర్వాత - ఈ మూడు వేళల్లో ఇంట్లోని పిల్లలు, సేవకులు కూడా అనుమతి అడిగే లోపలికి రావాలని నేర్పింది. ఆ మూడు వేళల్లో గదిలో ఉన్న భార్యాభర్తలు ఏ పాపమూ చేయడం లేదు. అయినా వారికి మరుగు కావాలని వారిని సృష్టించినవాడే నిర్ణయించాడు. అంటే, తలుపు తప్పును దాచడానికి పెట్టినది కాదు, మనిషి గౌరవాన్ని కాపాడటానికి పెట్టినది.

ఒకసారి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గదిలోకి కన్నంలోంచి తొంగిచూశాడు. ఆ సమయంలో ఆయన (స) చేతిలో తల గోక్కునే ఇనుప దువ్వెన ఉంది. నువ్వు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచేవాడినని, అసలు అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే చూపు కారణంగానని ఆయన (స) తీవ్రంగా హెచ్చరించారు. బుఖారీలో ఉన్న ఈ హదీసును గమనించండి. ఆ మనిషి కాలు లోపల పెట్టలేదు. ఏ వస్తువూ తీసుకోలేదు. కేవలం చూశాడు. ఆ చూపే అపరాధమైంది.

నేడు మన చేతిలోని ఫోను కూడా ఒక ఇల్లే. అందులో భార్యాబిడ్డల ఫోటోలున్నాయి, బ్యాంకు లెక్కలున్నాయి, డాక్టరు రాసిచ్చిన రిపోర్టులున్నాయి, మనం ఏ రోజు ఎక్కడికి వెళ్ళామో ఉంది. ఆ ఇంటికి కన్నాలు ఎన్ని ఉన్నాయో మనమెప్పుడైనా లెక్కపెట్టామా?

వేలిముద్ర వేసినవాడి తప్పేమిటి?

“నేనేం తప్పు చేయలేదు కదా” అనేవారు ఒక సంగతి వినాలి. 2018లో మన తెలంగాణలోనే, పెద్దపల్లి జిల్లాలో, సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉండేవి. వాటి మీది వేలిముద్రలను తీసుకుని, రబ్బరు ముద్రలుగా తయారుచేసి, ఆ మనుషుల పేరున వేలాది సిమ్ కార్డులు తెరిచాడని బయటపడింది. ఆ దస్తావేజుల మీద వేలిముద్ర వేసినవారు చేసిన నేరమేమిటి? కష్టపడి సంపాదించిన డబ్బుతో గుంటెడు జాగా కొనుక్కోవడమే. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన వేలిని మార్చుకోలేము.

ఇంకొక ఉదాహరణ మన నమాజుకు సంబంధించినదే. నమాజు వేళలు, ఖిబ్లా దిక్కు చూపే ‘ముస్లిం ప్రో’ అనే యాప్‌ను ప్రపంచవ్యాప్తంగా కోట్లాది ముస్లింలు వాడుతున్నారు. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ ఒక విషయం వెల్లడించింది. ఆ యాప్ నుండి వినియోగదారులు ఎక్కడెక్కడ ఉన్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతోందని, ఆ సంస్థ కొనుగోలుదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని తేలింది. సైన్యానికి తాము నేరుగా ఏదీ అమ్మలేదని యాప్ వారు చెప్పుకున్నారు, ఎక్స్-మోడ్‌తో సంబంధాలు తెంచుకుంటున్నామని ప్రకటించారు. 2024 జనవరిలో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ కూడా ఎక్స్-మోడ్ వారసత్వ సంస్థను సున్నితమైన స్థలాల సమాచారం అమ్మరాదని కట్టడి చేసింది. కాని అసలు విషయం ఆలోచించండి. ఒక విశ్వాసి తన ప్రభువు ముందు మోకరిల్లడానికి దిక్కు అడిగాడు. ఆ అడగడమే సరుకైపోయి సంతలో అమ్ముడుపోయింది. అతనూ ఏ తప్పూ చేయలేదు.

పాలకులకూ హద్దు ఉంది

నేరాలు అరికట్టడానికి ప్రభుత్వం చూడవద్దా అని అడగవచ్చు. న్యాయమైన కారణం ఉన్నప్పుడు, న్యాయమైన పద్ధతిలో విచారించడాన్ని ఇస్లాం కాదనదు. కాని సూరా హుజురాత్ 12వ వాక్యం అధిక అనుమానాలను, గూఢచర్యాన్ని, పరోక్షనిందను వరుసగా ఒకేచోట వారించింది. అనుమానం పుడితే మనిషి కూపీ లాగుతాడు, కూపీ లాగితే దొరికినదాన్ని నలుగురిలో చెబుతాడు. పాలకుడు ప్రజలను అనుమానంతో వెంటాడితే వారిని చెడగొట్టినవాడవుతాడని కూడా దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు అబూదావూద్ హదీసులో ఉంది.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ఒక సంఘటన ప్రసిద్ధం. ఒక రాత్రి ఒక ఇంట్లో పాపకార్యం జరుగుతోందని అనుమానించి ఆయన గోడ ఎక్కి లోపలికి దిగారు. ఆ ఇంటి మనిషి, తాను ఒక తప్పు చేస్తే ఖలీఫా మూడు తప్పులు చేశారన్నాడు: కూపీ లాగారు, వాకిలి వదిలి గోడ దూకారు, అనుమతి అడగకుండా, సలాం చేయకుండా లోపలికి వచ్చారు. అంతటి ఉమర్ (రజి) ఆ మాటను ఒప్పుకుని వెనుదిరిగారు. విశాల సామ్రాజ్యాన్ని పాలించినవారు ఒక సామాన్యుడి గడప ముందు ఆగిపోయారు.

మన దేశంలోనూ వ్యక్తిగత గోప్యత పౌరుల ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2021లో లాక్‌డౌన్ సమయంలో హైదరాబాదు పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు. ఆయన తీయకపోయినా ఫోటో తీశారు. ఆ ఫోటో ఏమవుతుందని ఆయన ప్రశ్నించారు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల వాడకంపై తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అల్లరి చేయకుండా చట్టం తలుపు తట్టి హక్కు అడగడం కూడా ధర్మమే.

వ్రాయడం తప్పు కాదు, ద్రోహం తప్పు

అలాగని లెక్కలు, పేర్లు వ్రాసుకోవడమే చెడ్డదని కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు వ్రాసుకోండని సూరా బఖరాలో అల్లాహ్ స్వయంగా ఆదేశించాడు. అయితే ఆ వ్రాత హక్కుదారుని హక్కు కాపాడటానికి. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో జరిగిన పేలుడు మన ప్రాంతం ఇంకా మరచిపోలేదు. మరణించినవారు, జాడ దొరకనివారు కలిపి యాభై మందికి పైగా కార్మికులు. వారిలో చాలామంది పొట్టకూటికి దూర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. భౌతికకాయాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆ పూట లోపల ఎవరెవరున్నారన్న లెక్క విలువ ఎంతటిదో అప్పుడు ఆ కుటుంబాలకు తెలిసింది. కార్మికుడి వేలిముద్ర, ముఖం, ఆధార్ కాగితం తీసుకునేవారు అతని జీతానికి, అతని ప్రాణానికి, అతని వారసులకు జవాబుదారులు. అది అమానతు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించండని ఖుర్ఆన్ ఆదేశం. అదే కాగితాన్ని అప్పులిచ్చే యాప్‌వాడికో, సిమ్ అమ్మేవాడికో చేరవేస్తే అది ద్రోహం.

రాశిలో చేయి పెట్టి చూడటం

ఇక యువకుడు చెప్పిన లినక్సు సంగతి. దైవప్రవక్త (స) మదీనా బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారు, మోసం చేసేవాడు మనవాడు కాడని ప్రకటించారు. మనం వాడే సాఫ్ట్‌వేరులో చాలావరకు లోపల చేయి పెట్టి చూడనివ్వని రాశే. లోపల ఏముందో తయారుచేసినవాడికి తప్ప తెలియదు.

దీనికి భిన్నంగా 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకానికి ఇచ్చాడు. దాని లోపలి వ్రాత ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మన రాష్ట్రంలో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ 2005 నుంచి ఈ పనిని తెలుగువారి మధ్యకు తెచ్చింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిని తలచుకుంటే ఈ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. అక్కడ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల రకాలు లక్షా ఇరవై వేలకు పైగా భద్రపరిచారు. పరిశోధన చేసేవారు అడిగితే ఇస్తారు. తీసుకున్నవాడు ఆ విత్తనం నాదేనని ఇతరులకు దారి మూయరాదన్నది షరతు. లినక్సు షరతూ దాదాపు అలాంటిదే. ప్రయోజనకరమైన జ్ఞానం మనిషి పోయిన తర్వాత కూడా పుణ్యంగా కొనసాగుతుందని తెలిసిన మనకు ఈ పద్ధతి పరాయిది కాదు.

దొంగ కాపీ విషయం కూడా తేల్చుకోవాలి. ‘పెద్ద కంపెనీకి పోయేదేముంది’ అని మన దుకాణాలలో, ఇళ్ళలో దాన్ని తేలికగా తీసుకుంటున్నాము. రచనల మీద, ఆవిష్కరణల మీద హక్కులు షరీఅత్ ప్రకారం రక్షణ పొందినవేనని, వాటిని అతిక్రమించరాదని 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖా అకాడమీ తీర్మానించింది. పైగా ఊరూ పేరూ లేని చోటి నుంచి తెచ్చిన కాపీలో వైరస్ ఉంటే మన ఇంటి తలుపు మనమే దొంగకు తీసినట్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ఆగిపోయింది. అటువంటి పాత కంప్యూటరును పారవేయకుండా, దొంగ కాపీ వేయకుండా వాడుకోవడానికి పేదవానికి కూడా హలాల్ మార్గం ఉంది. కొన్ని లెక్కల సాఫ్ట్‌వేర్లు లినక్సు మీద నేరుగా నడవవన్నది నిజమే. అన్నిటికీ అదే మందు కూడా కాదు. మన చేతులతో మనమే పంచిపెట్టే ఫోటోను ఏ లినక్సూ ఆపలేదు.

మన చేతుల్లోని అమానతు

కంపెనీలను, ప్రభుత్వాన్ని వేలెత్తి చూపేముందు మన వైపు కూడా చూసుకుందాం. మరమ్మతుకు వచ్చిన ఫోనులో ఫోటోలు తెరిచి చూసే దుకాణదారుడు, పెళ్ళిలో ఆడపిల్లల ఫోటోలు తీసి గ్రూపులో పెట్టే బంధువు, భార్య ఫోను రహస్యంగా వెదికే భర్త, ఆమె పుట్టింటివారి మాటలు రికార్డు చేసే అత్తగారు - వీరంతా కన్నంలోంచి తొంగిచూస్తున్నవారే. ఇతరులు వినవద్దనుకునే మాటలను చెవి ఒగ్గి వినేవాడి చెవుల్లో ప్రళయదినాన కరిగిన సీసం పోస్తారని బుఖారీ హదీసు హెచ్చరిస్తోంది.

కనుక చేయగలిగినవి చేద్దాం. అవసరం లేని యాప్‌కు మన జాడ, కెమెరా, ఫోను నంబర్ల అనుమతి తీసివేద్దాం. ఆధార్ అడిగిన ప్రతిచోటా పూర్తి కాపీ ఇవ్వకుండా, చాలినచోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ఇద్దాం. వేలిముద్రకు తాళం వేసే సదుపాయం ఆధార్ సంస్థే ఇచ్చింది, దాన్ని వాడుకుందాం. ఒకరి ఫోటో పంపేముందు వారి అనుమతి అడుగుదాం.

అల్లాహ్ చూపు, మనిషి చూపు

చివరికి పెద్దాయన మాటలోని రెండవ సగానికి వద్దాం. అల్లాహ్ అంతా చూస్తున్నాడు. నిస్సందేహంగా నిజం. కాని అల్లాహ్ చూపునూ మనిషి చూపునూ ఒకే తక్కెడలో పెట్టడం ఎలా కుదురుతుంది? ప్రళయదినాన అల్లాహ్ విశ్వాసిని దగ్గరకు తీసుకుని, తన మరుగులో కప్పి, అతని పాపాలను అతనికి మాత్రమే గుర్తు చేస్తాడని, ప్రపంచంలో వాటిని కప్పి ఉంచాను, ఈ రోజు క్షమిస్తున్నానని అంటాడని దైవప్రవక్త (స) తెలిపారు. సర్వం చూసేవాడు సర్వాన్నీ కప్పి ఉంచాడు. అడిగినప్పుడు కూడా ఏకాంతంలో అడిగాడు. మనిషి అలా కాదు. అరకొరగా చూస్తాడు, అనుమానంతో నింపుకుంటాడు, అమ్ముకుంటాడు, మరచిపోడు, క్షమించడు.

అల్లాహ్ కప్పి ఉంచినదాన్ని మనం బజారులో పరచడం భక్తి కాదు. అంతా చూసేవాడున్నాడన్న విశ్వాసం మన కళ్ళను ఇతరుల గడప ముందు దించాలి గాని, మన గడపను అందరికీ తెరిచి పెట్టమనదు.

మరుసటి శుక్రవారం ఆ పెద్దాయన కనిపిస్తే ఈ మాటలే చెప్పాము. కాసేపు మౌనంగా ఉండి, జేబులోంచి ఫోను తీసి యువకుడి చేతిలో పెట్టారు. “నా మనవరాళ్ళ ఫోటోలున్నాయి బేటా, అవి చూడకుండా చేయి” అన్నారు. అర్థం కావలసింది ఆయనకు అర్థమైంది.

అల్లాహ్ మన లోపాలను కప్పి ఉంచుగాక! ఇతరుల లోపాలను కప్పి ఉంచే మనసు మనకు ప్రసాదించుగాక! ఆమీన్.