గాలిలో పోవు మాట ఎవరిది?

నగరి సరిహద్దు ఊరు. చెన్నపట్టణమునుండి వచ్చు తమిళపాటయు, తెలుగు కేంద్రములనుండి వచ్చు ప్రసంగమును అచ్చటి యింట ఒకే పెట్టెలో వినవచ్చును. గాలికి పొలిమేర రాయి లేదు. ఆకాశవాణి అందఱి కొఱకు పలుకును గనుక దానిని వినుటకు సంకోచింప బనిలేదు. అయితే ఆ గాలిలోనే పోలీసుల సందేశములును, విమానచోదకుల సంభాషణలును పోవుచున్నవి. తరంగములను వరుసగా వెదకి, మాట యున్నచోట నిలిచి వినిపించు యంత్రమునకు స్కానరని పేరు. అది వినిపింపగల దంతయు మనము వినదగినదేనా?

“తరంగము పిలువకయే మా యింటికి వచ్చెను, చెవి యొగ్గుట దొంగతన మెట్లగును?” అని కొందఱందురు. యుక్తి బలమైనదే. గోడ పలుచనైనచో పొరుగింటి మాటయు పిలువకయే వచ్చును. వినబడుట నేరము కాదు. గోడకు చెవి చేర్చుట వేఱు. అమెరికాలో తొలినాటి సెల్లుఫోనుల మాటలు మఱుగు లేక గాలిలో పోయెడివి. ఆ తరంగములను పట్టు స్కానరుల తయారీని, దిగుమతిని, సులభముగా అట్లు మార్చ వీలగు వానితో గూడ, అచ్చటి ప్రభుత్వము 1994 ఏప్రిలు మొదలు నిషేధించెను. ఏలయనగా కొందఱు పెట్టె మూత విప్పి, చిన్న డయోడు నొకదానిని కత్తిరించి, మూసిన దారిని తెఱచుకొనుచుండిరి. కత్తిరించిన చేతికి, ఆ మాట తనకై పలికినది కాదని తెలియును. అచ్చటనే వినబడుట ముగిసి పొంచి వినుట మొదలగుచున్నది.

మన దేశమున 1933 నాటి చట్టము లైసెన్సు లేక వైర్‌లెస్ యంత్రమును కలిగియుండుటనే నేరముగా నెంచెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము సందేశములను అక్రమముగా పట్టువారికి మూడేండ్లవఱకు ఖైదు, రెండు కోట్ల రూపాయలవఱకు జరిమానా, లేక రెండును విధించుచున్నది. ప్రభుత్వమునకును హద్దు కలదు: చట్టోక్తవిధానము లేక టెలిఫోనులను చాటుగా వినరాదని 1996లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను. వీనియన్నిటికంటె మాకు ఆదరణీయమైనది 1978 నాటి అమెచ్యూరు రేడియో నియమము. తనది కాని సందేశము చెవిని బడినచో దాని సారమునే కాదు, దానిని విన్న సంగతిని సైతము ఇతరులకు చెప్పరాదని అది శాసించుచున్నది.

ఇంతమాత్రమున విద్యను నిందింపరాదు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థవారి బృందము అండమానులో నుండెను. తక్కిన మార్గములు తెగినచోట వారి రేడియోయే వార్తలను చేరవేసెను.

ఈ విచారము యంత్రజ్ఞులదే యని గృహస్థులు తలపరాదు. భార్య ఫోను సంభాషణను చాటుగా రికార్డు చేసిన భర్త వ్యవహారమున, అది ఆమె హక్కునకు భంగమని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను; అది 2008 నాటి న్యాయనివేదికలలో నున్నది. 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము మాత్రము విడాకుల వివాదమున అట్టి రికార్డును సాక్ష్యముగా గ్రహింపవచ్చుననెను. కోర్టు గ్రహించునది వేఱు, మనము చేయదగినది వేఱు. కుమార్తె జాబు విప్పి చదువు తండ్రికిని, భార్య ఫోను వెదకు భర్తకును, కోడలి మాటకై తలుపుచాటున నిలుచు అత్తకును మేలుకోరుటయే సాకు. ఆడపిల్లకు చదువు చెప్పించి, చేతికి ఫోను ఇచ్చి, ఆ ఫోనులోని మాటకు కాపలా పెట్టినచో మన సంస్కారము సగముననే నిలిచినది. ఇంటివారి మాటను ఇంటివారికి విడుచుట మొదట అభ్యసింపవలెనని పాఠకులకు మా మనవి.