గుల్మార్గా, ఔలీయా: ఒక వికల్ప మీమాంస

చలికాలం సెలవుల్లో మంచు మీద స్కీయింగ్ చేయాలనుకునే భారతీయుల ముందు ప్రధానంగా రెండు పేర్లు నిలుస్తాయి. ఒకటి కశ్మీర్‌లో బారాముల్లా జిల్లాలోని గుల్మార్గ్, రెండోది ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లాలోని ఔలీ. ఉన్న నాలుగు రోజుల్లో రెండు చోట్లకూ వెళ్లిరావడం కుదరదు. రెండూ మంచివే అయినప్పుడు ఒకదాన్ని ఏ ఆధారంతో ఎంచుకోవాలి, ఎంచుకున్నాక రెండోదాన్ని ఏ దృష్టితో చూడాలి? ప్రయాణం సంగతిగా ఇది చిన్న ప్రశ్నే. కానీ యజ్ఞవిధుల సందర్భంలో మీమాంసకులు ఇదే ప్రశ్నను వికల్పం పేరుతో తరతరాలుగా తర్కించారు.

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్ల దారి. అక్కడి గొండోలా అనే కేబుల్ కారుకు రెండు అంచెలున్నాయి. 1998లో మొదలైన మొదటి అంచె కొంగ్‌డూరీ దాకా తీసుకెళ్తుంది. 2005లో వచ్చిన రెండోది అఫర్వత్ కొండ భుజం మీదికి, దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. అక్కడ దిగితే ఎదురయ్యేది చదును చేసిన బాట కాదు. చెట్టన్నది లేని నిటారు వాలు, కాలు పెడితే దిగబడిపోయే పొడి మంచు. ఆరితేరినవాళ్లు విదేశాల నుంచి వచ్చేది దానికోసమే. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉన్నదీ ఆ వాలు మీదే.

ఔలీ తీరు వేరు. రిషికేశ్ నుంచి దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, అంటే ఒక పగలంతా ప్రయాణం. వాలు మెత్తగా దిగుతుంది. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అక్కడ కొత్తవాళ్లకు స్కీయింగ్ శిక్షణ ఇస్తుంది. 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ స్కీయింగ్ పోటీలు ఆ వాలు మీదే జరిగాయి. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి. కింద ఉన్న ఊరు జోషీమఠ్. చలికాలంలో బదరీనాథ్ ఆలయం మూతపడ్డాక ఆదిశంకరుల గద్దెను తెచ్చి ఉంచేది ఆ ఊరి నరసింహాలయంలోనే.

రెండు మార్గాలు కనిపించగానే దాన్ని వికల్పమని మీమాంసకులు ఒప్పుకోరు. ముందు ఆ రెండూ ఒకే మనిషికి చెప్పినవేనా అని చూస్తారు. అగ్నిహోత్రం సూర్యోదయానికి ముందు చేయాలనీ, తర్వాత చేయాలనీ రెండు విధులున్నాయి. ఏ వేదశాఖవాళ్లకు ఆ శాఖ పద్ధతి ఉంది కనుక అక్కడ తికమక లేదు. దీన్నే వ్యవస్థిత వికల్పం అంటారు. తెలుగు పంచాంగంలో కొన్ని మాసాల్లో స్మార్తులకు ఒకనాడు, వైష్ణవులకు మరునాడు ఏకాదశి పడటం ఇలాంటిదే. గుల్మార్గ్, ఔలీల పేచీలో చాలా భాగం ఇక్కడే తెగిపోతుంది. ఎన్నడూ స్కీలు తొడగనివారికి ఔలీ, అనుభవం ఉండి లోతు మంచు కోరేవారికి అఫర్వత్. ఒక పగలంతా ఘాట్ రోడ్డు మీద కూర్చోలేని పెద్దవాళ్లు వెంట ఉంటే గుల్మార్గే.

ఇక రెండో పరీక్ష బలానిది. సమాన బలం ఉన్నవాటి మధ్యే వికల్పం చెల్లుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, వందల ఇళ్లు నెర్రెలు విచ్చాయి. అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వేను ఆపేశారు. ఆ ఊరు పాత కొండచరియల శిథిలాల మీద నిలిచి ఉందని, భారీ నిర్మాణాలు తగవని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. ఇది నందాదేవి అందంతోనో, హోటల్ అద్దెతోనో కలిపి తూచే విషయం కాదు. యాత్రికుడి సుఖం ఒక వైపు, ఇంకొకరి ఇంటి పునాది మరో వైపు ఉంటే బలం సమానమని చెప్పడం అన్యాయం. అయితే ఆ ఊళ్లో చాలా కుటుంబాలు బతుకుతున్నదీ వచ్చే యాత్రికుల మీదే. కాబట్టి వెళ్లాలా వద్దా అన్నదానికన్నా ఎక్కడ దిగాలి, ఎవరి దగ్గర బస చేయాలి, నీళ్లు ఎంత వాడాలి అన్నవే అసలు ధర్మప్రశ్నలు.

ఈ రెండు పరీక్షలూ దాటాక కూడా తేలకపోతే అదే అసలైన వికల్పం. పదకొండో శతాబ్దపు ఇస్లామీ తత్వవేత్త అల్ గజాలీ దీన్ని రెండు ఖర్జూరపు పళ్ల ఉదాహరణతో చర్చించాడు. రెండూ అన్ని విధాలా ఒకేలా ఉన్నా ఆకలిగొన్న మనిషి ఏదో ఒకటి తీసుకుంటాడు, సంకల్పానికి ఆ శక్తి ఉందని ఆయన వాదం. గుల్మార్గ్, ఔలీ అలాంటి పళ్లు కావు. గుల్మార్గ్‌లో గది అద్దె వెయ్యి రూపాయలు తగ్గిందనుకుందాం. రెండూ నిజంగా సమానమైతే ఆ వెయ్యితో తూకం మొగ్గాలి. కానీ చాలామందికి సందేహం అలాగే మిగులుతుంది. కొలిచే గీటురాయే వేరువేరు కావడం దీనికి కారణం. ఇలాంటి సందర్భాలను సమానత అనలేమని, దానికి పక్కనే మరో సంబంధం ఉందని తత్వవేత్త రూత్ చాంగ్ 2002లో వాదించారు. ఎంత లెక్కగట్టినా జవాబు రాకపోవడం ఇక్కడ లెక్కలోని తప్పు కాదు.

ఎంచుకున్నాక ఏమవుతుందన్నది మీమాంసలో అన్నింటికన్నా విలువైన భాగం. వడ్లతో యజించమని ఒక విధి, యవలతో యజించమని ఒక విధి. రెండూ వేదవాక్యాలే. వడ్లు చేత పట్టిన యజమాని యవల వాక్యానికి ఉన్న ప్రామాణ్యాన్ని వదిలేశాడు, అది ఒక దోషం. లేని అప్రామాణ్యాన్ని దానికి అంటగట్టాడు, అది రెండోది. మరో యాగంలో యవలు పట్టుకుంటే వదిలిన ప్రామాణ్యాన్ని మళ్లీ తెచ్చుకోవాలి, అంటగట్టినదాన్ని మళ్లీ తీసేయాలి. అవి మరో రెండు. వడ్ల వాక్యానికీ ఇవే నాలుగు, మొత్తం అష్టదోషాలు. వేరే దారి ఉన్నంతవరకు వికల్పం జోలికి పోకూడదని వాళ్లు పట్టుబట్టింది ఇందుకే.

అంటగట్టడమన్న ఆ రెండో దోషం మనుషుల్లో రోజూ కనిపించేదే. గుల్మార్గ్‌కు టికెట్లు తీసుకున్న మరుక్షణం ఔలీలో మంచే ఉండదనడం మొదలవుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1956లో గృహోపకరణాలతో చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. ఒక వస్తువును ఎంచుకున్నాక దానికి ఇచ్చే విలువ పెరిగింది, వదిలేసినదాని విలువ తగ్గింది. వస్తువు మారలేదు, ఎంచుకున్నవాళ్ల మనసు తన నిర్ణయానికి కాపలా కాసింది. మీమాంసాశాస్త్రం ఈ పనిని దోషంగా గుర్తించడం గొప్ప విషయం. యవలను పక్కన పెట్టవచ్చు, యవల వాక్యం అబద్ధమనడానికి మాత్రం వీల్లేదు.

మొదలుపెట్టాక వెనక్కి తిరగడం గురించి కూడా నియమం ఉంది. జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ప్రతినిధి ద్రవ్యాల చర్చ వస్తుంది. వడ్లతో మొదలైన యాగం మధ్యలో వడ్లు నిండుకుంటే యవలకు మారరు, వడ్లను పోలిన నీవార ధాన్యం తెచ్చుకుంటారు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలుల మీద మంచు లేక నేల బయటపడింది. అలాంటి ఏడాది ఔలీలోనూ రావచ్చు. అప్పుడు ఔలీకి చేరినవారు గుల్మార్గ్‌ను తలచుకుని కుమిలిపోనక్కర్లేదు. అడవి గుండా గోర్సన్ బుగ్యాల్ పచ్చికమైదానానికి నడిచి వెళ్లవచ్చు. దారి పొడవునా హిమాలయ శిఖరాలు కనిపిస్తాయి. ఆ సెలవుకు నీవారం అదే.