మడతలో ఉన్న బట్ట

బృహదారణ్యకోపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి అడిగింది నేతగాళ్ల ప్రశ్న. ఈ విశ్వమంతా దేనిలో పడుగూ పేకలుగా అల్లుకుని ఉంది? ఆకాశంలో అన్నాడాయన. మరి ఆ ఆకాశం దేనిలో? నాశం లేని అక్షర పరబ్రహ్మంలో అన్నాడు. కంటికి కనిపించే బట్ట నుంచి కనిపించని ఆధారం దాకా నడిపించడం మన ఋషుల పద్ధతి. ఆ చూపుతో కరీబియన్ దీవుల వస్త్రచరిత్రను చదివితే, అందులోనూ ఒక ఆత్మవిచారం కనిపిస్తుంది.

అక్కడి చెరకు తోటల్లో బానిసలైన ఆఫ్రికన్లకు యజమాని కొలిచి ఇచ్చే బట్ట ఆస్నాబర్గ్ అనే ముతక నార గుడ్డ. పేరు మార్చారు, భాష మాన్పించారు, ఒంటిమీది గుడ్డను కూడా తోట ఖర్చుల్లో రాసుకున్నారు. అయినా ఆ మనుషులు తమకు వదిలిన చిన్న నేల చెక్కల్లో దుంపలూ కూరలూ పండించి, సంతలో అమ్మి, ఆదివారానికి రంగుల గుడ్డ కొనుక్కున్నారు. ఆకలి తీరాక మిగిలిన డబ్బు కాదది. నేను తోట సొత్తును కానని చెప్పడానికి పెట్టిన ఖర్చు.

మార్టినిక్, గ్వాడెలూప్, డొమినికా, సెయింట్ లూసియా దీవుల్లో ఆ రంగుల గుడ్డకు పేరు ‘మద్రాస్’. మన కోరమండల్ తీరపు మగ్గాల మీద పుట్టి, రేవు పేరు మోసుకుంటూ సముద్రాలు దాటిన గళ్ల రుమాలు అది. అలాంటి ఎగుమతి రుమాళ్లు నేయడంలో మన చీరాల కూడా పేరుపొందింది. మార్టినిక్‌లో ఆ గళ్లలోని లేత చారల మీద కుంచెతో పసుపు రంగు పూసే పనివారుండేవారు. రంగు ఆరాక గుడ్డ బిగుసుకుని, స్త్రీ తలకు చుడితే కొనలు నిటారుగా నిలబడేవి. ఒక్క కొన నిలిస్తే మనసు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని, రెండైతే ఇచ్చేసిందని, మూడైతే పెళ్లయిందని చెప్పుకునేవారు. దీవిని బట్టి అర్థాలు కాస్త మారేవి. పడుగూ పేకా ఎక్కడివో. పైపూత, మడత మాత్రం ఆ దీవులవి. ప్రారబ్ధం ఎంతవరకు, పురుషకారం ఎక్కడ మొదలు అనే పాత చర్చకు ఇంతకంటే తేటైన జవాబు దొరకదు.

ఈ చరిత్రను మన కాలంలో విప్పి చూపుతున్నవారిలో క్రిస్టీన్ చెచిన్‌స్కా ఒకరు. ఆమె చిత్రకళ, వస్త్రకళ తెలిసిన కళాకారిణి, ప్రదర్శనల క్యూరేటర్. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడలో ఇంగ్లండ్ చేరిన కరీబియన్ తరం వేషధారణ మీద పరిశోధన చేశారు. నాటి ఫొటోల్లో మగవాళ్లు ఇస్త్రీ మడత నలగని సూట్లలో, హ్యాట్లతో కనిపిస్తారు. ముందు ఉద్యోగమూ ఇల్లూ ఖాయం కాదు. నిలువెత్తు గౌరవం మాత్రం ఒంటిమీదే ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 2022లో మొదలైన ‘ఆఫ్రికా ఫ్యాషన్’ ప్రదర్శనకూ ఆమే సారథి. పోయిందనుకున్న వారసత్వాన్ని ఆమె బట్టల్లో వెతికారు.

నిజానికి అది పోయిందా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో కార్యకారణాల అభేదం చెప్పడానికి వస్త్రాన్నే దృష్టాంతంగా తీసుకున్నారు. శంకరుల భాష్యం ప్రకారం, మడత పెట్టి ఉన్నప్పుడు అది బట్టో మరేదో, పొడవెంతో వెడల్పెంతో తెలియదు. విప్పితే తెలుస్తుంది. విప్పడంతో కొత్త బట్ట పుట్టలేదు. వారసత్వమూ అంతే, ఆత్మజ్ఞానమూ అంతే. క్యూరేటర్ చేసేదీ సాధకుడు చేసేదీ మడత విప్పే పనే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. దేహమే విడిచే వస్త్రమని గీత చెబుతుంటే, ఆ వస్త్రం మీది వస్త్రానికి ఇంత విలువా? విలువ ఉంది. వదలాలంటే ముందు తనదంటూ ఒకటి ఉండాలి. కొలిచి ఇచ్చిన ముతక గుడ్డ తప్ప మరేదీ లేనివాడికి వైరాగ్యం బోధించడం వేదాంతం కాదు, యజమాని భాష. ఆదివారం తలపాగా చుట్టుకున్న స్త్రీ బంధం పెంచుకోలేదు. నేనెవరినని అడిగే అర్హతను తిరిగి తెచ్చుకుంది. ఆ అర్హత వచ్చాకనే ‘నేను ఈ బట్టనూ కాను, ఈ దేహాన్నీ కాను’ అనే మెట్టు.

కాబట్టి ‘అంతా మిథ్య’ అనే మాటను ఎదుటివారి ముందు పలికే ముందు ఒక్కసారి ఆగి చూసుకోవాలి. తన వస్త్రాన్ని తాను వదలడం వైరాగ్యం. పక్కవాడి వస్త్రాన్ని వదిలించడం దోపిడీ.